వెనక చక్రం దగ్గర చప్పుడు

మా ఆయన లతీఫ్‌కు చెవులు లేవని నేను అనను. ఉన్నాయి. వికారాబాద్ స్టేషన్ బయట టాక్సీ పెట్టుకుని నిలబడితే, ప్లాట్‌ఫాం ఆ చివర ఎవరైనా కూలీని పిలిచినా ఈయనకు వినిపిస్తుంది. ఆ పిలుపును బట్టి పరిగి బేరమా, అనంతగిరి బేరమా అన్నది కూడా తెలిసిపోతుందట. నేను వెనక సీట్లో కూర్చుని, "ఇగో, ఎన్కకెల్లి ఏదో చప్పుడొస్తుంది" అంటే మాత్రం వినిపించదు. నా మాటా వినిపించదు, ఆ చప్పుడూ వినిపించదు.

మాది నల్ల అంబాసిడర్. మా అష్రఫున్నీసా కంటే కొంచెమే చిన్నది. పిల్లకు పెళ్లి చేసి తాండూరు పంపాం గానీ, కారును మాత్రం ఎవరికీ ఇచ్చేది లేదంటాడు. పొద్దున్నే దానికి స్నానం చేయించి, అద్దాలు తుడిచి, ఆ తర్వాతే చాయ్ తాగుతాడు. నేను పూడూరు పిల్లను. ఇంట్లో ఉర్దూ, వాకిట్లో తెలుగు మాట్లాడుకుంటూ పెరిగాను. మామూలుగా ఉంటే ఉర్దూ వస్తుంది, కోపమొస్తే తెలుగొస్తుంది. ఆ డెబ్బై ఎనిమిదో సంవత్సరం మా ఇంట్లో తెలుగే ఎక్కువ నడిచింది.

వానలు వెనకబట్టాక మొదలైంది ఆ చప్పుడు. ధారూరు దాటాక రోడ్డు సగం గుంతలే. చక్రం గుంతలో దిగి లేచినప్పుడల్లా సీటు కింద నుంచి "కర్ర్... టక్" అనేది. మంచి రోడ్డు మీద ఏమీ ఉండేది కాదు. నేను చెబితే, "రోడ్డు చప్పుడు" అన్నాడు. ఇంకోసారి చెబితే, "నీ గాజుల చప్పుడు" అన్నాడు. గాజులు తీసి సంచిలో వేసి, మళ్లీ వినమన్నాను. అప్పుడు ఆయన పాట అందుకున్నాడు. చెప్పండి, నాకు కోపం రాదా?

నా మాట పోతే పోనీ, ఆ చప్పుడును మా సమ్ధీ కూడా విన్నాడు. సమ్ధీ అంటే వియ్యంకుడు, అష్రఫ్ మామగారు, గులాం నబీ. తాండూరు గనుల్లో రాయి కోస్తూ పెరిగిన మనిషి. ఇప్పుడు ఒక పాలిషింగ్ కార్ఖానాలో మేస్త్రీ. బండ మంచిదా కాదా అన్నది ఆయన చూసి చెప్పడు, విని చెబుతాడు. వేలి కణుపుతో కొట్టి చెవి పెడతాడు. మంచి బండ గంటలాగా మోగుతుంది, లోపల నెర్రె ఉన్నది మూగగా పలుకుతుంది అంటాడు. కార్ఖానాలో లారీ ఎక్కే ప్రతి బండా ఆయన కణుపు దెబ్బ తినాల్సిందే.

అష్రఫ్‌కు నెల తప్పింది. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి కదా, ఏడో నెలలో సత్వాసా వేడుక చేసి పిల్లను మా ఇంటికి తెచ్చుకోవాలి. ఆ మాట మాట్లాడటానికి మేమిద్దరం తాండూరు వెళ్లాం. వాళ్ల గల్లీలో రోడ్డు లేదు, విరిగిన బండ ముక్కలు పరిచారు. వాటి మీదుగా మా కారు "కర్ర్... టక్" అనుకుంటూ వెళ్లి వాళ్ల గుమ్మం ముందు ఆగేసరికి, గులాం నబీ బయటికి వచ్చి నిలబడి ఉన్నాడు. సలాం చేశాడు గానీ కళ్లు మా మీద లేవు. వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, "లతీఫ్ భాయ్, జర ముందుకు పోనియ్యి, మల్ల ఎన్కకు తీస్కరా" అన్నాడు. మా ఆయన ముందుకు పోనిచ్చి వెనక్కి తెచ్చాడు.

"లోపట ఏదో పగిలింది" అన్నాడు గులాం నబీ లేస్తూ.

"ఏం పగల్లేదు భాయ్. పాత కారు, జర గిట్లనే మాట్లాడుతది."

"నేను యాభై ఏండ్ల సంది ఇంటున్న పగిలిన చప్పుడు. ఇది గదే. యాక్సిల్ పగిలిందనుకో, నడుమల చక్రం ఊడిందనుకో. కడుపుతోని ఉన్న పిల్లను గిండ్ల ఎట్ల పంపాలె?"

భోజనం దగ్గర మళ్లీ అదే మాట. రైల్లో వద్దన్నాడు, ఆ తోపులాటలో ఎక్కించి దింపడం నాకూ ఇష్టం లేదు. బస్సు అసలే వద్దన్నాడు. "చప్పుడు పోయినాక రాండ్రి, పంపిస్త. పోకుంటే ఏరే కారు తెచ్చుకోండ్రి. గదీ కాకుంటే కాన్పు ఈడనే చేస్తం, మా మహబూబ్‌బీ చూసుకుంటది" అన్నాడు. ఆయన భార్య మహబూబ్‌బీ నా వైపు చూడలేక పళ్లెంలో ఇంకో గరిటె అన్నం వడ్డించింది.

నా ఒక్కగానొక్క బిడ్డ మొదటి కాన్పు. నా చేతుల మీదుగా జరగాల్సింది. ఒక చప్పుడు వల్ల ఆగిపోవాలా? లోపలి గదిలో అష్రఫ్ నా కొంగు పట్టుకుని, "అమ్మీ, నన్ను తీస్కపోవా?" అని అడిగింది. చిన్నప్పుడు మేళాకు వెళ్లేటప్పుడు ఇలాగే అడిగేది. నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపును దారి పొడుగునా మా ఆయన మీద కోపంగా తీర్చుకున్నాను.

"ఏరే టాక్సీ మాట్లాడు" అన్నాను.

"టాక్సీ నడిపేటోడు బిడ్డను ఇంకొకని టాక్సీల తీస్కపోతే, రేపు నా కారు ఎవలు ఎక్కుతరు?" అన్నాడు. అది నిజమే. కానీ బేరం పోతుందన్న భయం కంటే ఎక్కువగా, ఆయన ముఖంలో ఇంకేదో కనిపించింది. తన బిడ్డను తన కారులో తెచ్చుకోవాలని పెళ్లినాటి నుంచే అనుకుని ఉంటాడు. నేను ఊరుకున్నాను. చాలాసేపు కాదు, ధారూరు వచ్చేదాకా.

వికారాబాద్‌లో మా మెకానిక్ ఏసుదాసు. మంచివాడు, ఆదివారం చర్చికి వెళ్లే చొక్కాకు కూడా గ్రీజు మరక ఉంటుంది. షెడ్డుకు తీసుకెళ్లే ముందు మా ఆయన డిక్కీ ఖాళీ చేశాడు. అది ఆయన అలవాటు. పానాలు, పాత గుడ్డలు, నీళ్ల డబ్బా అన్నీ ఇంట్లో పెడతాడు. అన్నిటి కంటే భద్రంగా సమ్ధీ ఇచ్చిన బండను రెండు చేతులా ఎత్తుకొచ్చి, వాకిట్లో గోడ పక్కన పడుకోబెడతాడు.

ఆ బండ సంగతి చెప్పాలి. తాండూరు వైపు నల్లరేగడి. వానాకాలం పంక్చర్ అయితే జాకీ మట్టిలో దిగబడిపోతుంది గానీ కారు లేవదు. అందుకని అక్కడి డ్రైవర్లందరూ జాకీ కింద వేయడానికి డిక్కీలో ఒక బండ ముక్క పెట్టుకుంటారు. పెళ్లయ్యాక కొత్త దంపతులను జుమాగీకి, అంటే పెళ్లి తర్వాతి శుక్రవారం విందుకు, పిలుచుకుపోవడానికి వెళ్లినప్పుడు, గులాం నబీ మా ఆయనకు అలాంటి బండ ఒకటి బహుమతిగా ఇచ్చాడు. స్వయంగా కోసి, అంచులు నున్నగా తీసి, పాలిష్ పట్టి, గీతలు పడకుండా గోనెసంచిలో పెట్టి నాలుగు వైపులా బిగుతుగా కుట్టి ఇచ్చాడు. స్టెప్నీ టైరు కింద సరిగ్గా సరిపోయింది. అంత మంచి బండను బురదలో ఎవరు వేస్తారు? మా ఆయన ఒక్కసారి కూడా వాడలేదు. పంక్చర్ అయితే పక్క పొలంలో ఏ కట్టె ముక్కో వెతుక్కునేవాడు గానీ, సమ్ధీ బండ కుట్టు మాత్రం విప్పలేదు. షెడ్డులో ఎవరైనా దాని మీద సుత్తితో ఇనుము కొడతారని భయం. అందుకే ఇంట్లో పెట్టి వెళ్లేవాడు.

ఏసుదాసు కారును అనంతగిరి ఘాటు ఎక్కించాడు, దించాడు. చప్పుడు లేదు. అయినా ఊరుకోకుండా వెనక స్ప్రింగుల కమాన్ పట్టీలు విప్పి గ్రీజు పెట్టాడు, రబ్బరు బుష్‌లు మార్చాడు. మా ఆయన సంతోషంగా వచ్చి, డిక్కీ సర్దుకుని, నన్ను ఎక్కించుకుని కోట్‌పల్లి దాకా తీసుకెళ్లాడు. మొదటి గుంతలోనే "కర్ర్... టక్". అద్దంలో ఆయన కళ్లలోకి చూశాను, అంతే.

రెండోసారి షెడ్డు. ఏసుదాసు ఈసారి వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల హౌసింగ్ మొత్తం విప్పాడు. "భాభీ, ఒక్క పల్లు ఇరగలే, బేరింగ్ మంచిగుంది, యాక్సిల్ మంచిగుంది. ఇగ నేను దేన్ని విప్పాలె?" అని నన్నే అడిగాడు. అతను నడిపితే చప్పుడు రాదు, నేను ఎక్కితే వస్తుంది. మా ఆయన మెల్లగా, "నువ్వెక్కితేనే వస్తుందంటే..." అని మొదలుపెట్టి, నా ముఖం చూసి ఆపేశాడు. ఆపడం ఆయనకే మంచిదైంది.

సత్వాసా ముహూర్తం దగ్గరికొచ్చింది. నేను అరిసెలకు బియ్యం నానబోయాలా వద్దా అన్నది తెలియదు. ఆకుపచ్చ చీర కొన్నాను, కుంకుమరంగు రవిక కుట్టించాను, పెట్టెలో పెట్టి మూత వేశాను. అల్లా, పిల్లను నాకు పంపేలా చూడు అని ప్రతి నమాజులో అడిగాను. మా ఆయన మూడోసారి షెడ్డుకు వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ బండను గోడ పక్కన పడుకోబెట్టాడు.

ఆ మధ్యాహ్నం బట్టలు ఉతికాను. దుప్పటి ఆరేయాలంటే తీగ నాకు అందదు. ఎప్పుడూ పీట వేసుకుంటాను, ఆ రోజు పీట ఎక్కడుందో కనబడలేదు. గోడ పక్కన బండ కనబడింది. సమ్ధీ బండే అయినా, రాయి రాయే కదా అనుకుని ఎక్కాను.

"కర్ర్... టక్."

నేను దుప్పటి పట్టుకుని అలాగే నిలబడ్డాను. కారు షెడ్డులో ఉంది, చప్పుడు నా వాకిట్లో వచ్చింది. ఎడమకాలు మీద బరువు వేశాను. కర్ర్. కుడికాలు మీద వేశాను. టక్. ఇటు వేశాను, అటు వేశాను. పక్కింటి మొగులమ్మ గోడ మీదుగా చూసి, "ఏమైంది అలీమాబీ, చీమలు కుట్టినయా?" అని అడిగింది.

"చీమలు కాదు మొగులమ్మా, నా బిడ్డ కాన్పు ఇంటికొచ్చింది" అన్నాను. ఆమెకు ఏమీ అర్థం కాలేదు, వెళ్లిపోయింది.

బుర్ఖా వేసుకుని షెడ్డుకు నడిచాను. ఏసుదాసు కారు కింద పడుకుని ఉన్నాడు, అతని కాళ్ల దగ్గర మా ఆయన గొంతుక్కూర్చున్నాడు. "లెవ్వుండ్రి ఇద్దరు. కారుకు ఏం రోగం లేదు" అన్నాను. ఇంటికి తీసుకొచ్చి, మా ఆయనను బండ మీద నిలబెట్టాను. ఇన్నాళ్లకు, ఇన్నాళ్లకు ఆయనకు వినిపించింది.

కత్తిపీటతో కుట్టు కోశాను. బండ నడిమికి రెండు ముక్కలై ఉంది. ఏ గుంతలోనో విరిగి, ముక్కలు రెండూ ఒకదాన్నొకటి రాసుకుని, ఆ అంచుల్లో తెల్లటి పిండి రాలింది. స్టెప్నీ బరువు మీదున్నంతసేపు కదలదు. కారు వెనక భాగం గుంతలో దిగి లేస్తేనే పైకి లేచి కొట్టుకుంటుంది. ఏసుదాసు నవ్వి, చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు. మా ఆయన నవ్వలేదు. ఇంట్లో ఎవరికో బాగాలేనట్టు కూర్చున్నాడు.

"సమ్ధీకి చెప్పొద్దు" అన్నాడు. "తన చేతుల కోసి ఇచ్చిండు. పగిలిందని ఎట్ల చెప్పాలె? గదీ, ఆయన బండతోనే ఆయన పరేషాన్ అయిండని ఎట్ల చెప్పాలె?"

"అడిగితే?"

"బుష్‌లు మార్చినమని చెప్త. అబద్ధం కాదు గద, మార్చినం."

ఆ మాట మీదే తాండూరు బయల్దేరాం. రాత్రంతా అరిసెలు వండి, పొద్దున బుట్టలు కట్టాను. డిక్కీలో పెట్టేటప్పుడు, ఆయన చూడకుండా ఆ రెండు ముక్కలను పాత బొంతలో విడివిడిగా చుట్టి అడుగున పెట్టాను. ఎందుకు పెట్టానంటే నాకే తెలియదు. పగిలినా అది మా ఇంటికి వచ్చిన బహుమతి, గోడ పక్కన పారేసి వెళ్లబుద్ధి కాలేదు.

గులాం నబీ ఈసారి గల్లీ మొదట్లోనే నిలబడి ఉన్నాడు. మా కారు ఆ బండ ముక్కల మీదుగా పిల్లిలా వెళ్లింది. ఆయన పక్కనే నడుచుకుంటూ ఇంటిదాకా వచ్చాడు. "ఇంకోపారి" అన్నాడు. మా ఆయన గల్లీ చివరిదాకా వెళ్లి తిరిగొచ్చాడు. చప్పుడు లేదు. గుమ్మంలో అష్రఫ్ ముఖం వెలిగిపోయింది. నేను సగం దిగి, సగం లోపలే ఉండి ఆయన నోటి వైపు చూస్తున్నాను.

"ఏముండె?" అని అడిగాడు గులాం నబీ.

"బుష్‌లు మార్చిచ్చిన భాయ్."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "బుష్ అయితే కీచుమంటది. అది పగిలిన చప్పుడు. ఏం పగిలిందో చెప్పు. చెప్పకుంటే నాకు మనసు పట్టదు, పిల్లను పంప."

మా ఆయన నేల చూశాడు. కారుకేసి చూశాడు. నాకేసి చూశాడు. మహబూబ్‌బీ, "ఇంట్ల కూసొని మాట్లాడుకోండ్రి" అంది. ఎవరూ కదల్లేదు. అష్రఫ్ ముఖంలో వెలుగు తగ్గిపోతోంది. అది నేను చూడలేకపోయాను. దిగి, డిక్కీ తెరిచి, అరిసెల బుట్టలు పక్కన పెట్టి, బొంత విప్పాను.

"ఇది పగిలింది భాయ్" అన్నాను.

గులాం నబీ దగ్గరికొచ్చి చూశాడు. ఒక ముక్కను ఎత్తుకుని, విరిగిన అంచు మీద బొటనవేలు పెట్టి మెల్లగా ఒక కొస నుంచి ఇంకో కొసకు జరిపాడు. మేమందరం అక్కడ లేనట్టే ఉన్నాడు.

"గుంతకు పగలదు బండ" అన్నాడు చివరికి. "లోపట నెర్ర ఉంటేనే పగులుతది. ఇచ్చే ముందట కొట్టి చూసిన. మంచిగ మోగింది. మోగిందనుకున్న. నా చెవు పోయింది బహెన్. కార్ఖానల ఇంక ఎన్ని బండలు గిట్లనే పంపిన్నో."

అంతవరకూ ఆ మనిషి మీద నాకున్న కోపం చెబితే మీరు నన్ను ఇంట్లోకి రానివ్వరు. నా బిడ్డను ఆపాడు, మా కారును అనుమానించాడు, మమ్మల్ని షెడ్డు చుట్టూ తిప్పాడు. కానీ ఆ ముక్కను పట్టుకుని నిలబడ్డ ఆ పెద్దమనిషిని చూస్తే అదంతా ఎటు పోయిందో తెలియదు. నాకు కోపమొస్తే తెలుగొస్తుందని చెప్పాను కదా. ఆ రోజు కోపం లేకుండానే తెలుగొచ్చింది.

"మీ చెవు ఏడికి పోయింది భాయ్?" అన్నాను. "ఏసుదాసు కారంత విప్పిండు, దొరకలే. మా ఆయన దినామ్ గా కారులనే ఉంటడు, ఇనవడలే. నేను చప్పుడొస్తుందన్న గని, ఏం చప్పుడో నాకు తెల్వలే. పగిలిందని చెప్పింది మీరొక్కరే. గల్లీల నిలవడి, మూసిన డిక్కీల, టైరు కింద, సంచిల ఉన్న బండ పగిలిందని మీరు చెప్పిన్రు. ఇంతకంటె చెవు ఏముంటది?"

ఆయన నాకేసి చూశాడు. తర్వాత చేతిలోని ముక్కను కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. రెండోదాన్నీ అలాగే విన్నాడు. "ఇప్పుడు రెండూ మంచిగ మోగుతున్నయ్" అన్నాడు. ఒక ముక్కను తన గుమ్మం పక్కన పెట్టాడు, రెండోదాన్ని మళ్లీ బొంతలో చుట్టి డిక్కీలో పెట్టాడు. "పిల్లకో పిల్లగానికో నీళ్లు పోసేటప్పుడు కూసోను పనికొస్తది. ఒకటి మీ ఇంట్ల, ఒకటి మా ఇంట్ల." మా ఆయన అరిసెల బుట్టలు ఎత్తుకుని లోపలికి నడిచాడు.

సత్వాసా బాగా జరిగింది. అష్రఫ్‌కు ఆకుపచ్చ చీర కట్టి, పూలు పెట్టి, ఒడి నింపాం. మహబూబ్‌బీ అరిసెలు బాగున్నాయంది, రెండు దాచుకుంది కూడా. బయల్దేరే వేళకు గులాం నబీ తల మీద రుమాలు చుట్టుకుని వచ్చాడు.

"నేను కూడ వస్త. ఎన్కసీట్ల, గా చక్రం మీద కూసుంట. దారిపొడుగుత ఇంటా పోత" అన్నాడు.

"చప్పుడు పోయింది గదయ్యా" అంది మహబూబ్‌బీ.

"పోయింది. అయినా ఇంట."

అలా కోడలు పక్కన మామ వెనక సీట్లో కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా అరిసెల బుట్ట. నాకు చోటు లేక ముందు సీటు దొరికింది. పెళ్లయిన ఇన్నేళ్లలో మా ఆయన పక్కన ముందు సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి. అప్పుడు తెలిసింది, అక్కడ కూర్చుంటే ఇంజను హోరు తప్ప నిజంగానే ఏమీ వినబడదు. పాపం అనుకున్నాను. ఆ మాట ఆయనకు చెప్పలేదు, ఇప్పటికీ చెప్పలేదు.

ఊరు దాటేదాకా గులాం నబీ తలుపుకు చెవి ఆనించి కూర్చున్నాడు. కంది చేలు పూతమీద ఉన్నాయి, గాలి చల్లగా ఉంది. పొద్దు వాలుతోంది. ధారూరు దగ్గరి గుంతలు వచ్చాయి. మా ఆయన బిడ్డ కోసం ఒక్కొక్క గుంతలో చక్రాన్ని చేత్తో దింపినట్టు దింపి, లేపాడు. నాకు ఏ చప్పుడూ వినబడలేదు. వెనక ఎవరూ ఏమీ అనలేదు.

కొంతసేపటికి మా ఆయన ఉలిక్కిపడి బ్రేకు మీద కాలు పెట్టాడు.

"ఇనవడుతుందా?" అన్నాడు, ముఖం పాలిపోయి. "ఎన్కకెల్లి ఏదో చప్పుడొస్తుంది. కర్రుమంటుంది."

నేను వెనక్కి తిరిగి చూశాను. అష్రఫ్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది. పక్కన గులాం నబీ, రుమాలు కళ్ల మీదికి జారిపోయి, తల సీటు మీదికి వాలిపోయి, గురక పెడుతున్నాడు. ఎన్నాళ్లుగా నిద్రలేదో ఆ మనిషికి.

"పోనియ్యి" అన్నాను. "మెల్లగ పోనియ్యి. పెద్దమనిషి లేస్తడు."